దొంగ ఎవరు? పిల్లల ఆట, అపరాధపరిశోధన కథ – నెల్లూరుతీరం నుంచి ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

బాలల క్రీడాజట్టు, ఆ జట్టులో జరిగిన ఒక చోరీ లేదా అంతుచిక్కని సంఘటన, దాన్ని పెద్దల సాయం లేకుండా ఛేదించే పిల్లలు – ఈ మూడింటి కలయికతో అమెరికా బాలసాహిత్యంలో ఒక కథాప్రక్రియ స్థిరపడింది. అందులోని ఆట చాలాసార్లు బేస్‌బాల్. తెలుగులో ఆటలమీద రచనలున్నాయి, అపరాధపరిశోధన నవలలు విస్తారంగా ఉన్నాయి, బాలసాహిత్యానికి సుదీర్ఘమైన పత్రికాచరిత్ర ఉంది. ఈ మూడూ ఒకచోట కలిసి పేరుగల ప్రక్రియగా మాత్రం ఎదగలేదు. దీనిని కేవలం ఒక లోటుగా భావించి వదిలేస్తే చరిత్రకు సంబంధించిన ముఖ్యమైన అంశం మరుగున పడుతుంది. ఆట, నేరం, బాల్యం అనే మూడు భావనల మధ్య తెలుగు సమాజంలో ఎలాంటి సంబంధం ఉండేదో, వలసపాలన దానిని ఎలా మార్చిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశీలనకు కేంద్రంగా నెల్లూరుతీరాన్ని ఎంచుకోవడం జరిగింది. పెన్నకు ఉత్తరాన, కోవూరు నియోజకవర్గంలోని తీరమండలం విడవలూరు. రామతీర్థం దగ్గర ఈ నేల సముద్రాన్ని తాకుతుంది. వరికయ్యలు, సముద్రం, మిషన్ బడులు, మద్రాసు రాజధానితో సంబంధం – ఇవన్నీ ఒకేచోట కలిసిన ప్రాంతమిది. కనుక స్థానికమైన ఆటకు, బయటినుంచి వచ్చిన సంస్థకు మధ్య జరిగిన వ్యవహారాన్ని ఇక్కడినుంచి చూడటం సమంజసం.

2. ఒక ఆట పుట్టుకపై పరిశోధన

బేస్‌బాల్ చరిత్రే ఒక అపరాధపరిశోధన కథను పోలి ఉంటుంది. ఈ ఆట ఇంగ్లండులోని పిల్లల ఆట రౌండర్స్‌నుంచి వచ్చిందని పాత్రికేయుడు హెన్రీ చాడ్విక్ వాదించాడు. అది పూర్తిగా అమెరికాలోనే పుట్టిందని క్రీడాపరికరాల వ్యాపారి ఆల్బర్ట్ స్పాల్డింగ్ వాదించాడు. తగవు తీర్చడానికి 1905లో అబ్రహాం మిల్స్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. 1839లో కూపర్స్‌టౌన్ అనే ఊళ్లో ఆబ్నర్ డబుల్‌డే ఈ ఆటను కనిపెట్టాడని 1907 చివర ఆ సంఘం తేల్చింది. ఆధారం ఆబ్నర్ గ్రేవ్స్ అనే గని ఇంజనీరు తన చిన్ననాటి జ్ఞాపకంగా రాసిన ఉత్తరం. డబుల్‌డే 1839లో వెస్ట్‌పాయింట్ సైనిక పాఠశాలలో విద్యార్థి. ఆయన 1893లో మరణించేదాకా ఈ ఆటను తాను కనిపెట్టినట్లు చెప్పుకోలేదు.

బేస్‌బాల్ అనే మాటకు తొలి ముద్రిత ఆధారం అంతకుముందే, 1744లో, లండన్ ప్రచురణకర్త జాన్ న్యూబరీ వెలువరించిన పిల్లల పుస్తకంలో ఉంది. ఆధునిక ఆంగ్ల బాలసాహిత్యానికి తొలిమెట్టుగా చరిత్రకారులు చెప్పే పుస్తకమే అది. అంటే ఈ ఆట పేరు మొదట బాలసాహిత్యంలోనే అచ్చయింది. పిల్లల పుస్తకాన్ని సాక్ష్యంగా చూడని పెద్దల సంఘం, ఒక వృద్ధుని జ్ఞాపకాన్ని సాక్ష్యంగా స్వీకరించింది. పిల్లల సంస్కృతికి చరిత్ర రాసేవారు ఏ ఆధారాలను లెక్కలోకి తీసుకుంటారన్న ప్రశ్నకు ఇదొక మంచి ఉదాహరణ.

1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ లిటిల్ లీగ్‌ను ఆరంభించాడు. పిల్లల ఆటకు జట్టు, యూనిఫారం, శిక్షకుడు, పట్టిక, వయోపరిమితి ఏర్పడ్డాయి. అప్పటికే బాలపరిశోధకుని పాత్ర సాహిత్యంలో సిద్ధంగా ఉంది. అమెరికాలో 1927లో హార్డీ బాయ్స్ మొదలయ్యారు. జర్మనీలో 1929లో ఎరిక్ కెస్ట్నర్ రాసిన ఎమిల్ కథలో బెర్లిన్ వీథిపిల్లలు గుంపుగా చేరి దొంగను వెంటాడారు. సంస్థగా మారిన ఆట, పరిశోధకునిగా మారిన బాలుడు కలవడానికి కావలసిన భూమిక ఈ విధంగా ఏర్పడింది. ఈ కథలో ఒక జట్టు ఉండాలి, జట్టుకు సొంతమైన వస్తువు ఉండాలి, అది పోవాలి. ఆస్తి, సభ్యత్వం, నియమావళి లేనిచోట ఇలాంటి కథకు ఆధారం దొరకదు.

3. నెల్లూరుతీరానికి వచ్చిన అమెరికా

బేస్‌బాల్ ఆడే దేశంనుంచి నెల్లూరుకు మనుషులు రాకపోలేదు. అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌కు చెందిన శామ్యూల్ డే 1840లోనే నెల్లూరులో స్థిరపడ్డాడు. 1849లో లైమన్ జూయెట్ వచ్చాడు. మిషన్ ద్వారా బడి, ఆసుపత్రి, అచ్చుపుస్తకం వచ్చాయి. బేస్‌బాల్ మాత్రం ఈ తీరంలో వేళ్లూనలేదు. మద్రాసు రాజధాని పాఠశాలల్లో ఆటలంటే బ్రిటిషు నమూనాలోని క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ. 1920లో అమెరికావాడైన హెచ్. సి. బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామవిద్యా కళాశాలను స్థాపించాక వాలీబాల్, బాస్కెట్‌బాల్ వంటి అమెరికా ఆటలకు దక్షిణాదిలో శిక్షితులైన ఉపాధ్యాయులు దొరికారు. తక్కువ స్థలం, ఒక బంతి, ఒక వల చాలు కనుక వాలీబాల్ పల్లెబడికి సులభంగా చేరింది. ప్రతి ఆటగాడికీ తొడుగు, పెద్ద మైదానం అవసరమైన బేస్‌బాల్‌కు అలాంటి సౌలభ్యం లేదు.

మరోకారణం కూడా ఉంది. కర్రతో కొట్టడం, ఎగిరినదాన్ని పట్టుకోవడం, దూరాన్ని లెక్కగట్టడం అనే ఆనందం బిళ్ళంగోడు రూపంలో ఇక్కడ ముందునుంచే ఉంది. దానికి ఖర్చు లేదు. కోత అయిన కయ్యే మైదానం, విరిచిన కొమ్మే పరికరం. పోతే మరొకటి చెక్కుకోవచ్చు. అంటే ఈ ఆటలో చోరీకి తగిన వస్తువే లేదు. జట్టు కూడా ఆపూటకు ఏర్పడి ఆపూటకే విడిపోతుంది.

ఈ ఆట ఎంత పాతదో సూచించే ఒక వ్యాఖ్యానాంశం గమనింపదగినది. సంస్కృతభారతం ఆదిపర్వంలో కురుకుమారులు ఆడుకుంటుండగా వారి ‘వీట’ బావిలో పడుతుంది. ద్రోణుడు గడ్డిపరకలను ఒకదానిలో ఒకటి గుచ్చి దాన్ని పైకి తీస్తాడు. ఆ వీట అంటే జానెడు పొడవున, యవగింజ ఆకారంలో ఉండి, కుమారులు కర్రతో కొట్టే కొయ్యముక్క అని వ్యాఖ్యాత నీలకంఠుడు వివరించాడు. అంటే మన బిళ్ళే. తెలుగుభారతంలో నన్నయ దానిని కందుకంగా మార్చాడు. పోయిన ఆటవస్తువు, చేతకాక నిలబడిన పిల్లలు, సమస్యను తీర్చిన అపరిచితుడు – క్రీడాకథకు కావలసిన అంగాలన్నీ ఇందులో ఉన్నాయి. అయితే పరిష్కారం పిల్లల చేతిలో లేదు. అది ఆచార్యుని నైపుణ్యానికి నిదర్శనంగా, ఆయనకు కొలువు తెచ్చిపెట్టిన ఘట్టంగా పరిణమించింది.

4. ఆటలో దొంగ

తెలుగు పిల్లల ఆటల పట్టికలు ప్రాచీనకావ్యాల్లో ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దినాటి అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి వాటిలో ముఖ్యమైనది. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సురవరం ప్రతాపరెడ్డి ఇలాంటి కావ్యసాక్ష్యాలను వాడుకుని ఆటలకు సాంఘికచరిత్రలో స్థానం కల్పించారు. అయితే ఆ ఆటల నిర్మాణంలో ఒక పదం నిర్వహించే పాత్రపై చర్చ తక్కువ. ఆ పదం ‘దొంగ’.

దాగుడుమూతల్లో కళ్లు మూసుకుని, ఆపై మిగిలినవారిని వెతికే పిల్లవాణ్ణి తెలుగులో ‘దొంగ’ అంటారు. కోతికొమ్మచ్చిలో చెట్టుకింద ఉండి పట్టుకోవలసినవాడూ దొంగే. ఈ వ్యవహారం మొదట వింతగా తోస్తుంది. దాక్కున్నవాడు దొంగ, వెతికేవాడు భటుడు కావడం లోకరీతి. ఆటలో అది తలకిందులైంది. ఇక్కడ అన్వేషకుడే దొంగ. అతడు దొంగ కావడానికి ఏ తప్పూ చేయలేదు. అరచేతులు బోర్లా వెల్లకిలా వేసి పంటలు వేసుకున్నప్పుడు పండకుండా చివరికి మిగిలాడు, అంతే. ఒకరిని పట్టుకుంటే ఆ దొంగతనం అతణ్ణి వదిలి పట్టుబడినవారికి సంక్రమిస్తుంది.

వీరీవీరీ గుమ్మడిపండు ఆటలో అన్వేషణ మరింత స్పష్టం. కళ్లు మూయబడిన పిల్లవాడు ఎదుట ఉన్నవారి పేరును ఊహించి చెప్పాలి. అడుగుల సవ్వడి, ఆపుకోలేని నవ్వు, గాజుల చప్పుడు అతనికి ఆధారాలు. రాజు, మంత్రి, భటుడు, దొంగ అని రాసి పంచుకునే చీటీలాటలో ముఖకవళికలే ఆధారం. ఒక్కో చుట్టులో ఒక్కొక్కరు దొంగ అవుతారు.

ఈ ఆటలనుంచి రెండు అంశాలను గ్రహించవచ్చు. మొదటిది, ఆధారంనుంచి నిర్ణయానికి చేరుకునే అభ్యాసం తెలుగు పిల్లలకు ఆటలోనే ఉంది. రెండవది, ఆటలో దొంగ అనేది తాత్కాలికమైన స్థానం. అది ఎవరికైనా రావచ్చు, ఎవరినుంచైనా తొలగిపోవాలి. ఒకే పిల్లవాణ్ణి వరుసగా దొంగను చేస్తే మిగిలినవారే అది అన్యాయమంటారు. అలా ఒకరిమీదే నిలిచిపోతే ఆట చెడుతుంది. అమెరికా క్రీడారహస్యకథలో చోరీ ఆటను భంగపరిచే సంఘటన. తెలుగు ఆటలో దొంగతనం ఆట నడవడానికి అవసరమైన నియమం.

5. చట్టంలో దొంగ

పిల్లల భాషలో చేతులు మారే ఈ పదాన్ని వలసపాలన కొందరికి జన్మలక్షణంగా స్థిరపరిచింది. 1871నాటి నేరస్థతెగల చట్టం కొన్ని సముదాయాలను పుట్టుకచేతనే నేరస్థులుగా పరిగణించింది. 1911నాటి చట్టం మద్రాసు రాజధానికీ వర్తించింది. పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని కూడా అది ప్రభుత్వానికి ఇచ్చింది. గుంటూరు జిల్లాలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహించిన స్టువార్టుపురం అందరికీ తెలిసిన ఉదాహరణ. విడవలూరుకు ఉత్తరాన, ఇదే నెల్లూరుతీరంలోని కావలిలో, ఎరుకలవారికోసం ఏర్పరచిన సెటిల్మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నిర్వహించింది.

బేస్‌బాల్ ఆడే దేశంనుంచి వచ్చినవారు ఈ తీరపు పిల్లలతో పెట్టుకున్న సంబంధంలో ఇదొక విస్మృతపార్శ్వం. విద్య, వైద్యరంగాల్లో మిషన్ చేసిన సేవను ఇది తగ్గించదు. కానీ హాజరు పిలుపు, కదలికలపై అనుమతి, దినచర్య – వీటి మధ్య పెరిగిన పిల్లవాడికి ‘దొంగ’ అనే పదం పంటలు వేస్తే తొలగిపోయేది కాదు. ఆటలో అది ఒక వంతు, చట్టంలో అది వంశం. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఈ చట్టం రద్దయింది. చట్టం పోయినా అనుమానం పోలేదనడానికి ‘విముక్త జాతులు’ అనే పేరే సాక్ష్యం. దేనినుంచి విముక్తులో ఆ పేరు ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంది.

బాలల అపరాధపరిశోధన కథను విలువకట్టేటప్పుడు ఈ నేపథ్యాన్ని విస్మరించరాదు. వస్తువు పోయిన వెంటనే కథలో మొదటి అనుమానం ఎవరిమీదికి వెళుతుంది? జట్టుకు బయటున్న పిల్లవాడిమీదికా, పేదయింటి పిల్లవాడిమీదికా, ఒక కులంవాడిమీదికా? ఆ అనుమానాన్ని కథ ప్రశ్నిస్తుందా, నిర్ధారిస్తుందా? ఈ ప్రక్రియకు అసలైన పరీక్ష ఇదే.

6. ఇతిహాసంలో బాలల క్రీడ, నేరం

బాలల క్రీడలో నిజమైన నేరం జరిగిన కథ భారతంలోనే ఉంది. ఆటల్లో భీముని బలానికి ఓర్వలేని దుర్యోధనుడు ప్రమాణకోటిలో జలక్రీడల సందర్భంలో అతనికి విషం పెట్టి, తీగలతో కట్టి నీటిలో తోయిస్తాడు. సంస్కృతమూలంలో భీముడు నాగలోకం చేరుతాడు. ఇంటికి వచ్చిన సోదరులకు భీముడు కనిపించడు. కుంతి విదురుణ్ణి పిలిపించి తన అనుమానం చెబుతుంది. విదురుడు సత్యాన్ని బయటపెట్టమనలేదు. దుర్యోధనుణ్ణి నిందిస్తే మిగిలిన బిడ్డలకు ముప్పని, మౌనంగా వారిని కాపాడుకోమని చెప్పాడు. భీముడు తిరిగివచ్చి జరిగింది వివరిస్తే ధర్మరాజు కూడా మౌనాన్నే ఆదేశించాడు.

అపరాధపరిశోధన కథ సత్యం వెల్లడికావడాన్నే న్యాయంగా భావిస్తుంది. ఇతిహాసం దానికి భిన్నమైన ప్రశ్న వేసింది. అధికారం నేరస్థుని పక్షాన ఉన్నప్పుడు సత్యం తెలిసిన పిల్లలు ఏమి చేయాలి? పిల్లల ఆటలో మొదలైన ఆ మౌనం కురుక్షేత్రందాకా సాగింది.

నెల్లూరు కవి తిక్కన తన భారతరచనను విరాటపర్వంతో ఆరంభించాడు. అది దాగుడుమూతలను పెద్దలస్థాయిలో నడిపిన పర్వం. పాండవులు దాగినవారు, దుర్యోధనుడు వెతికేవాడు. చారులు విఫలమయ్యాక, ధర్మరాజున్న దేశం ఎలా ఉంటుందో భీష్ముడు లక్షణాలు చెబుతాడు. కీచకుని మరణవార్త విని, అది భీముని పనేనని దుర్యోధనుడు ఊహిస్తాడు. ఆధారంనుంచి వ్యక్తిని గుర్తించే తర్కానికి ఇంతకన్న స్పష్టమైన కావ్యోదాహరణ అరుదు. ఇక్కడా పరిశోధన చేసేవాడే అపరాధి కావడం విశేషం. వెతికేవాడే దొంగ అనే ఆటనియమాన్ని ఇది గుర్తుచేస్తుంది.

7. తెలుగు బాలసాహిత్యంలో పరిశోధకుడు

తెలుగు కథాసంప్రదాయంలో చిక్కుముడి విప్పే పాత్రకు లోటు లేదు. మర్యాదరామన్న తీర్పులు, తెనాలి రామకృష్ణుని యుక్తులు, బేతాళప్రశ్నలు తరతరాల పిల్లలకు తార్కికశిక్షణనిచ్చాయి. కానీ పరిష్కర్త పెద్దవాడు, తరచుగా న్యాయాధికారి. పిల్లవాడు శ్రోత మాత్రమే. ఇందుకు ఒక అపవాదం అరేబియన్ నైట్స్‌లోని అలీ ఖోజా కథలో ఉంది. ఆలివుల జాడీలో దాచిన బంగారం పోయిన వ్యాజ్యాన్ని వీథిలో పిల్లలు ఆటగా నటిస్తారు. ఖాజీ వేషం వేసిన బాలుడు ఆలివులు ఎంత తాజాగా ఉన్నాయో పరీక్షించి నిజం తేలుస్తాడు. దాన్ని చాటుగా విన్న ఖలీఫా మర్నాడు ఆ బాలుని చేతనే తీర్పు చెప్పిస్తాడు. ఆటే పరిశోధనగా మారిన అరుదైన కథ ఇది.

ఆధునికయుగంలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ఆరంభించిన ‘బాల’ పిల్లలను కేవలం పాఠకులుగా కాక రచనలో పాల్గొనేవారిగా చూసింది. 1947 జూలైలో మద్రాసునుంచి వెలువడిన ‘చందమామ’ 1952నుంచి 1980దాకా కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో కథాభాషకు ఒక ప్రమాణాన్ని ఏర్పరచింది. అయితే చందమామ ప్రపంచం ప్రధానంగా రాజ్యాలది, గ్రామాలది, మాంత్రికులది. సమకాలీన పాఠశాల, క్రీడాజట్టు అందులో ప్రధానవస్తువులు కాలేదు.

మరోవైపు అపరాధపరిశోధన పెద్దల వినోదంగా స్థిరపడింది. శతాబ్ది ఆరంభంలో వంగభాషనుంచి వచ్చిన అనువాదాలతో మొదలై, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలతో అది విస్తృతపాఠకాదరణ పొందింది. ఆరుద్ర వంటి కవి ‘పలకల వెండిగ్లాసు’ రాశాడు. పిల్లలు ఈ నవలలను చాటుగా చదివారు, పెద్దలు వద్దన్నారు. దీనితో బాలసాహిత్యం నీతికి, డిటెక్టివ్ నవల కాలక్షేపానికి అని విభజన జరిగిపోయింది. విశ్వవిద్యాలయ పరిశోధన కూడా చాలాకాలం ఈ విభజననే అనుసరించింది.

ఈ గోడను కొంత దాటినవి 1950లలో నండూరి రామమోహనరావు చేసిన మార్క్ ట్వేన్ అనువాదాలు. టామ్ సాయర్ కథలో శ్మశానంలో జరిగిన హత్యకు పిల్లలు సాక్షులు. నిర్దోషి బోనెక్కినప్పుడు టామ్ భయాన్ని జయించి సాక్ష్యం చెబుతాడు. విదురనీతికి ఇది పూర్తిగా వ్యతిరేకదిశ. అయితే అదే నవలలో హంతకుడు మిశ్రజాతీయుడు, అతని క్రూరత్వం అతని రక్తంలోనే ఉందన్న ధ్వని ఉంది. అది 1876నాటి రచన. అయిదేళ్ల ముందు ఇక్కడ వచ్చిన చట్టం వెనుక ఉన్న భావన కూడా అదే. నిర్దోషిపై పడిన అనుమానాన్ని తొలగించిన కథ, జన్మతో ముడిపెట్టిన అనుమానాన్ని అలాగే ఉంచింది.

8. పిల్లవాడే ఆధారమైనప్పుడు

2001లో లిటిల్ లీగ్ ప్రపంచపోటీలో న్యూయార్క్ బ్రాంక్స్ జట్టు తరఫున ఆడిన ఒక బాలుడు అసాధారణంగా రాణించాడు. పోటీ ముగిశాక, అతని వయస్సు పన్నెండు కాదు పద్నాలుగు అని పాత్రికేయులు డొమినికన్ గణతంత్రంలోని జననపత్రాల ద్వారా నిరూపించారు. జట్టు విజయాలు రద్దయ్యాయి. తండ్రిపైనా, జట్టు వ్యవస్థాపకునిపైనా జీవితకాల నిషేధం పడింది. ఇది బాలల బేస్‌బాల్‌లో నిజంగా జరిగిన రహస్యఛేదన. ఇందులో పరిశోధకులు పెద్దలు, నేరం పెద్దలది. పిల్లవాని శరీరం, పుట్టినతేది ఆధారాలుగా మారాయి. అయినా లోకం గుర్తుంచుకున్నది ఆ పిల్లవాని పేరునే.

వయోధ్రువీకరణ సమస్య మన పాఠశాలక్రీడల్లోనూ ఉన్నదే. జననపత్రం ఆలస్యంగా అందే పల్లెల్లో బడిలో చేర్చేటప్పుడు రాయించిన తేదీయే పుట్టినరోజు అవుతుంది. అలాంటి బాలుణ్ణి మోసగాడిగా చూడటానికీ, పత్రవ్యవస్థ లోపాన్ని గుర్తించడానికీ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. కావలి సెటిల్మెంటు హాజరుపట్టీ, లిటిల్ లీగ్ వయోపత్రం వేర్వేరు ఉద్దేశాలతో పుట్టినవే. పిల్లవాడు ఎవరో అతని మాటకన్న కాగితం ఎక్కువగా చెబుతుందన్న నమ్మకం మాత్రం రెండింటికీ ఒకటే.

9. ముగింపు

తెలుగులో బాలల క్రీడారహస్యకథ ప్రత్యేకప్రక్రియగా ఎదగకపోవడానికి తెలుగు పిల్లల్లో తార్కికాసక్తి లేకపోవడం కారణం కాదని పై పరిశీలన స్పష్టం చేస్తున్నది. ఆటకు స్థిరమైన జట్టు, ఆస్తి లేకపోవడం, పరిష్కర్త స్థానం పెద్దలకే దక్కడం, అపరాధపరిశోధనను బాలసాహిత్యంనుంచి వెలివేయడం – ఇవి ప్రధానకారణాలు. అన్వేషణ మాత్రం ఆటలోపలే, దొంగ అనే చేతులు మారే పాత్రలో నిలిచి ఉంది.

ఆ ఆటలకు నేడు చోటు తగ్గుతున్నది. 1990లనుంచి నెల్లూరుతీరంలో అనేక వరికయ్యలు రొయ్యలగుంటలయ్యాయి. గుంటకు పంటవిరామం ఉన్నా అది పిల్లలు పరుగెత్తే నేల కాదు. కోత తరువాత కొన్ని నెలలపాటు ఎవరిదీ కానట్లుండి పిల్లలందరిదీ అయ్యే మైదానం దానితో తగ్గింది. ఈ తీరంలోని ఆటల పేర్లు, నియమాలు, వాటిలో ‘దొంగ’ పదం వ్యవహారాన్ని క్షేత్రపర్యటనల ద్వారా సేకరించడం తెలుగు, చరిత్ర, జానపదవిజ్ఞాన శాఖల పరిశోధకులు వెంటనే చేపట్టదగిన పని. విడవలూరు వంటి మండలాల ఉన్నతపాఠశాలల్లోని ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ పనికి తగిన సహపరిశోధకులు.

ఆ సేకరణ రేపు తెలుగులో క్రీడారహస్యకథ రాయబోయేవారికి కూడా ఆధారమవుతుంది. విదేశీనమూనాను అనుకరించినంతమాత్రాన ఆ కథ ఇక్కడి పిల్లలది కాదు. ఎవరినైనా దొంగ అనవచ్చు గాని ఎవరినీ దొంగగా మిగల్చరాదన్న నియమం తెలుగు పిల్లల ఆటలో ఇప్పటికే ఉంది. ఎరుకల బాలుణ్ణి పుట్టుకతోనే అనుమానించిన చట్టానికి ఈ తీరపు పిల్లలు ఆటలో పాటించిన న్యాయం సమాధానమవుతుంది. ఆ న్యాయాన్ని కథగా మలచుకున్నప్పుడే ఈ ప్రక్రియ తెలుగుదవుతుంది.